పల్చటి రేకుల మధ్య వేడి: ఫ్లూయెంట్‌లో షెల్ కండక్షన్ పెట్టే పద్ధతి

ఫ్లూయెంట్‌లో (గాలి, వేడి ఎలా కదులుతాయో లెక్కవేసే సాఫ్ట్‌వేర్) వాల్ తెరిచి, థర్మల్ ట్యాబ్‌లో వాల్ థిక్‌నెస్ దగ్గర మీటర్లలో 0.0015 అని కొట్టి, మెటీరియల్ అల్యూమినియం ఎంచుకుని ఓకే నొక్కేస్తే రేకులో కండక్షన్ వచ్చేసినట్టేనని చాలామంది అనుకుంటారు. రాదు. ఆ గడిలో మందం ఇచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ వేసే లెక్క ఒక్కటే: వేడి రేకు మందాన్ని దాటి ఈ వైపు నుంచి ఆ వైపుకి పోవడానికి ఎంత అడ్డు ఉంది అని. రేకు వెంట వేడి పాకడం, మూల తిరిగి పక్క రేకులోకి వెళ్లడం అందులో లేనే లేవు. వాటిని లెక్కలోకి తెచ్చే సెట్టింగ్ పేరే షెల్ కండక్షన్.

1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం తీసుకోండి. ఫ్లూయెంట్ డేటాబేస్‌లో దాని కండక్టివిటీ, అంటే వేడిని మోసే గుణం, 202.4 (యూనిట్ రాయని అంకెలన్నీ ఎస్‌ఐ యూనిట్లలో). మందాన్ని దానితో భాగిస్తే వచ్చే అడ్డు సుమారు 0.0000074. పక్కన మెల్లగా కదిలే గాలి ఉండి హీట్ ట్రాన్స్‌ఫర్ కోఎఫిషియంట్ (రేకు నుంచి గాలిలోకి వేడి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే అంకె) 10 అనుకుంటే, ఆ గాలి పొర అడ్డు 0.1. అంటే రేకు కంటే గాలి అడ్డు 13 వేల రెట్లు ఎక్కువ. మీరు మందం 1.5 మిల్లీమీటర్లు ఇచ్చినా 15 ఇచ్చినా జవాబు మారదు, అసలు ఇవ్వకపోయినా మారదు. పల్చటి లోహం నిజంగా చేసే పని వేడిని రేకు వెంట మోసుకెళ్లడం, మనం వదిలేసింది సరిగ్గా దాన్నే. పెనం మధ్యలో మంట పెడితే అంచు ఎందుకు కాలుతుందో, కరెంటు బాక్సులో ఒక ప్యానెల్‌కి బిగించిన డ్రైవర్ (వేడి పుట్టించే ఎలక్ట్రానిక్ భాగం) వల్ల పక్క ప్యానెల్ ఎందుకు వేడెక్కుతుందో, రెండిటికీ కారణం అదే.

ఇక్కడ రేకుల బాక్సునే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. పల్చటి గోడలు ఒక అంచు దగ్గర కలిసే ఏ మోడల్‌కైనా, అది డక్ట్ అయినా, బ్యాటరీ ట్రే అయినా, హీట్ షీల్డ్ అయినా, పద్ధతి ఇదే.

ముందు: మీకు ఇది అవసరమా?

మెష్ (మోడల్‌ని సెల్స్ అనే చిన్న చిన్న గళ్లుగా విడగొట్టడం) జోలికి పోకముందే కాగితం మీద ఒక లెక్క వేయండి. రేకు కండక్టివిటీని మందంతో గుణించి, దాన్ని రెండు వైపుల హీట్ ట్రాన్స్‌ఫర్ కోఎఫిషియంట్ల మొత్తంతో భాగించి, వర్గమూలం తీయండి. వచ్చేది ఒక పొడవు. వేడి రేకు వెంట దాదాపు ఎంత దూరం పాకుతుందో అది చెబుతుంది. రెండు వైపులా 10 చొప్పున మొత్తం 20 అనుకుంటే, 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియానికి ఇది 12 సెంటీమీటర్లు. 1.2 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్‌కి, కండక్టివిటీ 50 తీసుకుంటే, 5.5 సెంటీమీటర్లు. 2 మిల్లీమీటర్ల ఏబీఎస్ ప్లాస్టిక్‌కి, కండక్టివిటీ 0.2 అనుకుంటే, నాలుగున్నర మిల్లీమీటర్లు.

ఇప్పుడు మీ బాక్సు సైజు చూడండి. పాకే దూరం ప్యానెల్ పొడవుతో పోల్చదగ్గదైతే షెల్ కండక్షన్ తప్పదు. ప్లాస్టిక్ బాక్సైతే మామూలు వాల్ థిక్‌నెస్ చాలు, పైగా ప్లాస్టిక్‌లో మందం దాటే అడ్డు కూడా లెక్కలోకి తీసుకోదగ్గదే కాబట్టి ఆ గడి అక్కడ నిజంగా పనికొస్తుంది. స్టీలు మధ్యలో ఉంటుంది. హీట్ సోర్స్ మూలకి దగ్గరగా ఉంటే కావాలి, ప్యానెల్ మధ్యలో ఉండి ప్యానెల్ పెద్దదైతే పక్క ప్యానెల్‌కి అందేది తక్కువే. ఫోర్స్‌డ్ కన్వెక్షన్ ఉండి కోఎఫిషియంట్ 50, 100 దాకా వెళ్తే ఈ దూరం ఇంకా తగ్గుతుంది, ఫ్యాన్ ఉన్న బాక్సుకీ లేని బాక్సుకీ ఒకే సెట్టింగ్ కాపీ కొట్టకండి.

స్టీలు మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఫ్లూయెంట్ డేటాబేస్‌లో "స్టీల్" అని ఉన్నదాని కండక్టివిటీ 16.27. అది స్టెయిన్‌లెస్ స్టీల్‌కి సరిపోయే అంకె. మన ఫ్యాబ్రికేషన్ షాపుల్లో బాక్సులకు వాడే ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రేకుకి దానికి మూడింతలు ఉంటుంది. పేరు చూసి ఎంచుకుని ముందుకెళ్లిపోయారంటే పక్క ప్యానెల్‌కి పోయే వేడి బాగా తగ్గి కనిపిస్తుంది, ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. మెటీరియల్‌ని కాపీ చేసి కొత్త పేరు పెట్టి కండక్టివిటీ మార్చుకోండి.

జ్యామెట్రీ: అంచు ఒక్కటే ఉండాలి

రేకుని మందంతో సాలిడ్‌గా గీయొద్దు, మందం లేని సర్ఫేస్‌గా ఉంచండి. 1.5 మిల్లీమీటర్లలో మూడు వరసల సెల్స్ పెట్టి మొత్తం బాక్సు మెష్ చేయాలంటే సెల్స్ సంఖ్య ఎక్కడికో పోతుంది. షెల్ కండక్షన్ ఉన్నదే ఆ బాధ తప్పించడానికి.

లోపలి గాలి ఒక వాల్యూమ్, బయటి గాలి ఇంకో వాల్యూమ్, మధ్యలో సర్ఫేస్. జ్యామెట్రీ గీసేది స్పేస్‌క్లెయిమ్‌లో అయితే షేర్ టోపాలజీ (కలిసే భాగాలు ఒకే అంచుని పంచుకునేలా చేసే ఆప్షన్) చేయాలి, డిజైన్‌మోడలర్‌లో అయితే బాడీలన్నిటినీ కలిపి ఒకే పార్ట్‌గా చేయాలి. ఇది మర్చిపోతే రెండు ప్యానెళ్ల అంచులూ ఒకే చోట ఉన్నట్టు కంటికి కనిపిస్తాయి గానీ మెష్‌లో ఆ గీత మీద రెండు సెట్ల నోడ్‌లు (మెష్ గీతలు కలిసే బిందువులు) ఉంటాయి. రేకు నుంచి రేకుకి వేడి దాటాలంటే ఆ గీత మీద ఇద్దరికీ ఒకే నోడ్‌లు ఉండాలి. మెష్ చేశాక మూల దగ్గరికి బాగా జూమ్ చేసి, రెండు ప్యానెళ్ల మెష్ గీతలు అంచు దగ్గర సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే అక్కడే ఆగి సరిచేయండి, సాల్వర్‌లోకి వెళ్లాక దీన్ని పట్టుకోవడం చాలా కష్టం.

రెండు ప్యానెళ్లదీ ఒకే మందం, ఒకే మెటీరియల్ అయితే రెంటినీ కలిపి ఒకే వాల్ జోన్‌గా ఉంచినా పర్వాలేదు. నేనైతే విడివిడిగా పేర్లు పెడతాను, తర్వాత ఏ ప్యానెల్ నుంచి ఎంత వేడి పోతోందో రిపోర్ట్ తీసుకోవడానికి సులువు.

ఇంకో సంగతి, షెల్ కండక్షన్ 3డీలోనే పనిచేస్తుంది. 2డీ సెక్షన్ గీసి తొందరగా చూసేద్దాం అనుకుంటే కుదరదు, సన్నటి 3డీ ముక్కగా చేసుకోవాలి.

సెట్టింగులు

సాల్వర్ తెరిచేటప్పుడే డబుల్ ప్రిసిషన్ పెట్టండి. లోహం 202, గాలి 0.0242, కండక్టివిటీల మధ్య ఇంత తేడా ఉన్న కేసుల్లో సింగిల్ ప్రిసిషన్ నమ్మదగ్గది కాదు. ఎనర్జీ ఈక్వేషన్ ఆన్ చేయండి.

రెండు వైపులా సెల్స్ ఉన్న వాల్‌కి ఫ్లూయెంట్ తనంతట తానే ఒక జంట తయారుచేస్తుంది. మీ పేరుతో ఒకటి, అదే పేరు చివర షాడో అని చేర్చి ఇంకొకటి. థర్మల్ ట్యాబ్‌లో కపుల్డ్ అని ఉండాలి. ఎవరైనా దాన్ని హీట్ ఫ్లక్స్‌కి మార్చి సున్నా పెట్టి ఉంటే ఆ రేకు ఇన్సులేషన్ అయిపోయినట్టే, పాత కేస్ ఫైల్ తీసుకుని మొదలుపెట్టేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

తర్వాత అదే ట్యాబ్‌లో షెల్ కండక్షన్ టిక్ చేసి, ఎడిట్ నొక్కితే పొరల పట్టిక వస్తుంది. ఒక్కో పొరకి మెటీరియల్, మందం, హీట్ జనరేషన్ రేట్ ఇవ్వొచ్చు. మామూలు రేకుకి ఒక్క పొర చాలు. మందం మీటర్లలో అడుగుతోందా మిల్లీమీటర్లలోనా అన్నది గడి పక్కనే రాసి ఉంటుంది, చదవండి.

ఇదంతా మొదటి ప్యానెల్‌కి చేశాక పక్క ప్యానెల్‌కి కూడా చేయాలి. పక్కపక్కనే ఉన్న రెండు వాల్స్‌కీ షెల్ ఆన్‌లో ఉండి అంచు నోడ్‌లు కలిస్తే, మధ్యలో వేడి దాటడం దానంతటదే జరుగుతుంది. ప్రత్యేకంగా "ఈ రెంటినీ కలుపు" అనే బటన్ కోసం వెతక్కండి. కానీ ఒక ప్యానెల్‌కి షెల్ పెట్టి రెండోదాన్ని వదిలేస్తే, రెండో రేకులో వేడిని వెంట మోసుకెళ్లే పొరే ఉండదు. ప్యానెళ్లు ఎక్కువగా ఉంటే ఒక్కొక్కటీ తెరిచి చూసే బదులు షెల్ కండక్షన్ మేనేజర్ అన్న డైలాగ్‌లో అన్నీ ఒకే చోట చూసుకోవచ్చు.

ఇదే పనికి ఓపెన్‌ఫోమ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఒక్క మాట: కపుల్డ్ టెంపరేచర్ బౌండరీలో ఇచ్చే మందం, కండక్టివిటీ పొరలు కూడా మందం దాటే అడ్డు మాత్రమే. రేకు వెంట కావాలంటే రేకుని వేరే రీజియన్‌గా ఎక్స్‌ట్రూడ్ చేసుకోవాలి.

అసలు బాక్సుకి ముందు చిన్న పరీక్ష

జవాబు ముందే తెలిసిన చిన్న కేసు ఒకటి చేయకుండా పెద్ద మోడల్ నడపొద్దు. పొడవు 100, వెడల్పు 100, లోతు 20 మిల్లీమీటర్లున్న ఒక దిమ్మె గీయండి. 2 మిల్లీమీటర్ల మెష్ చాలు. లోపలంతా సాలిడ్ జోన్, దానికి కండక్టివిటీ 0.0001 ఉన్న ఉత్తుత్తి మెటీరియల్ ఇవ్వండి. లోపలి నుంచి వేడి పోకూడదు, మనం చూడాల్సింది రేకులనే. ఒక నిలువు మూల దగ్గర, అంటే 20 మిల్లీమీటర్ల అంచు దగ్గర, కలిసే రెండు ముఖాలకి రేకు-ఎ, రేకు-బి అని పేర్లు పెట్టండి. మిగతా నాలుగు ముఖాలకీ హీట్ ఫ్లక్స్ సున్నా. ఫ్లో ఈక్వేషన్లు ఆపేసి ఎనర్జీ ఒక్కటే నడపండి.

రెండు రేకులకీ కన్వెక్షన్, కోఎఫిషియంట్ 20, బయటి టెంపరేచర్ 30 డిగ్రీలు. అల్యూమినియం, 1.5 మిల్లీమీటర్లు, షెల్ ఆన్. రేకు-ఎ పొరకి మాత్రం హీట్ జనరేషన్ 5,33,333 వాట్లు ప్రతి ఘనపు మీటరుకి ఇవ్వండి, దాన్ని మందంతో గుణిస్తే చదరపు మీటరుకి 800 వాట్లు అవుతుంది. రేకు-బికి సున్నా.

చేతి లెక్క ప్రకారం ఏం రావాలంటే, రెండు రేకులూ అన్ని విధాలా ఒకేలా ఉన్నాయి కాబట్టి మూల సరిగ్గా సగం దగ్గర, అంటే 50 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎ రేకు దూరపు అంచు 55.2, బి రేకు దూరపు అంచు 44.8. ఎలో పుట్టే మొత్తం వేడి 1.6 వాట్లు, అందులో 0.66 వాట్లు, అంటే 41 శాతం, మూల దాటి బి నుంచి గాలిలోకి పోవాలి. మూల మొన దగ్గర పాయింట్లలో కాస్త అటూ ఇటూ వస్తే కంగారు పడొద్దు.

షెల్ రెంటికీ ఆఫ్ చేసి, మందం మాత్రం ఉంచి మళ్లీ నడపండి. ఎ అంతా 70, బి అంతా 30 వస్తుంది. 55కి, 70కి తేడా చూశారుగా. డిజైన్ రివ్యూలో "ఈ బాక్సుకి ఫ్యాన్ కావాలి" అని రాయించేది సరిగ్గా ఇలాంటి తేడానే.

పరీక్షలో మూల టెంపరేచర్ ఒక్కటే చూసి సంబరపడితే మాత్రం మోసపోతారు. రెండు రేకులకీ ఒకే మెటీరియల్ ఉన్నంతసేపూ కండక్టివిటీ ఎంతైనా మూల 50 దగ్గరే ఉంటుంది. దూరపు అంచులు చూడండి, మూల దాటిన వేడి శాతం చూడండి. అల్యూమినియానికి 41 శాతం ఉన్నది, అదే మందపు ఎంఎస్ రేకుకి 28 అవుతుంది, డేటాబేస్ స్టీలు 16.27తో 17కి పడిపోతుంది. ముందు చెప్పిన మెటీరియల్ తప్పు ఎక్కడ దొరుకుతుందంటే ఇక్కడే.

పెద్ద మోడల్‌లో కూడా ఇదే ఆనవాలు పట్టుకోండి. మూలకి అటూ ఇటూ పక్కనే ఉన్న పాయింట్ల దగ్గర వాల్ టెంపరేచర్ తీయండి. మూల మీదుగా అంకెలు నునుపుగా దిగితే అంచు కలిసింది. అమాంతం పది ఇరవై డిగ్రీలు దూకితే షెల్ ఒకదానికి పెట్టలేదు, లేదా నోడ్‌లు కలవలేదు. చూసేటప్పుడు స్టాటిక్ టెంపరేచర్ కాకుండా వాల్ టెంపరేచర్ ఎంచుకోండి.

మూల అంటే ఎలాంటి మూల?

షెల్ మోడల్ దృష్టిలో రెండు రేకులు కలిసిన అంచు ఒకే రేకుని వంచినట్టు ఉంటుంది, మధ్యలో అడ్డేమీ లేదు. మీ బాక్సు నిజంగా బెండింగ్ మెషీన్ మీద వంచినదైతే, పొడవునా వెల్డింగ్ చేసినదైతే, ఇది సరే. పెయింట్ కొట్టిన తర్వాత స్క్రూలతో బిగించిన తలుపు లాంటిదైతే ఆలోచించాలి.

అలాంటప్పుడు మూల పక్కన ఒక సన్నటి పట్టీని, 10 మిల్లీమీటర్ల వెడల్పుతో, వేరే వాల్ జోన్‌గా కోసి, దానికి తక్కువ కండక్టివిటీ ఉన్న మెటీరియల్ ఇవ్వండి. ఎంత ఇవ్వాలి? పట్టీ వెడల్పుని, రేకులు ఒకదానిమీద ఒకటి ఎక్కిన వెడల్పుతో గుణించి, కాంటాక్ట్ రెసిస్టెన్స్‌నీ (రెండు రేకుల మధ్య సందులో వేడికి ఉండే అడ్డు) రేకు మందాన్నీ గుణించిన దానితో భాగించండి. రేకులు 15 మిల్లీమీటర్లు ఎక్కి, మధ్యలో 0.1 మిల్లీమీటర్ గాలి సందు ఉందనుకుంటే, గాలి అడ్డు 0.0041, పట్టీ కండక్టివిటీ సుమారు 24 వస్తుంది.

0.01 ని 0.015 తో గుణిస్తే 0.00015, 0.0041 ని 0.0015 తో గుణిస్తే 0.00000615, భాగిస్తే 24. ఈ లెక్క ఎప్పుడూ మీటర్లలో పూర్తిగా వేసి చూడండి, అంచనాతో సరిపెట్టకండి. విచిత్రమేమంటే ఈ 24 కూడా పై పరీక్షలో పెద్ద తేడా తేదు. కారణం, రేకు నుంచి గాలిలోకి పోయే అడ్డే ఇంకా పెద్దది. అందుకే పొడవునా బాగా ఎక్కిన జాయింట్‌కి ఇంత తంటా అవసరం లేదు. రెండు మూడు స్క్రూల దగ్గర తప్ప ఎక్కడా తగలని తలుపుకీ, మధ్యలో రబ్బరు గ్యాస్కెట్ ఉన్న తలుపుకీ అవసరం. గ్యాస్కెట్ ఉన్నచోట నేనైతే రెండు ప్యానెళ్లూ కలవనట్టే తీసుకుంటాను, టెంపరేచర్ కాస్త ఎక్కువ చూపించడం భద్రమైన వైపే.

ఒకదాని వెనక ఒకటి ఉన్న రేకులు

అంచు దగ్గర కలవకుండా ముఖాముఖి ఉన్న రేకులు ఇంకో రకం. డబుల్ వాల్ బాక్సు, రేకు వెనక హీట్ షీల్డ్, ఇలాంటివి. రేకులు తగులుతూ ఉంటే పొరల పట్టికలో మూడు పొరలు పెట్టండి: రేకు, సందు, రేకు. సందుకి గాలి కండక్టివిటీతో ఒక సాలిడ్ మెటీరియల్ తయారుచేసుకోవాలి, ఎందుకంటే షెల్ పొరకి సాలిడ్‌లే దొరుకుతాయి. థర్మల్ గ్రీజు ఉంటే ఆ అంకె మార్చండి, 0.1 మిల్లీమీటర్ల గ్రీజుకి కండక్టివిటీ 1 అనుకుంటే అడ్డు గాలి సందు కంటే 40 రెట్లు తక్కువ.

సందు 10 మిల్లీమీటర్లకి పెరిగితే గాలి కండక్షన్ ఒక్కటే పెట్టడం తప్పు. 10 మిల్లీమీటర్ల గాలి దాటించేది చదరపు మీటరుకి డిగ్రీకి సుమారు 2.6 వాట్లు. పెయింట్ చేసిన రెండు రేకుల మధ్య 57 డిగ్రీల దగ్గర రేడియేషన్ దాటించేది, ఎమిసివిటీ (ఉపరితలం వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె) 1 అనుకుంటే, 8 వాట్ల పైనే. అంటే రేడియేషన్‌దే పెద్ద వాటా. దాన్ని పొరలోకి తేవాలంటే ఆ 8ని సందు మందంతో గుణించి గాలి కండక్టివిటీకి కలిపేయండి, 0.026 కాస్తా 0.1 పైన అవుతుంది. మెరిసే అల్యూమినియం అయితే ఆ 8 బాగా పడిపోతుంది, ఎమిసివిటీ చూసి తగ్గించుకోండి. సందు 20 మిల్లీమీటర్లు దాటితే గాలి లోపలే తిరగడం మొదలవుతుంది, పొరలతో సర్దకుండా ఆ గాలిని మెష్ చేసి రేడియేషన్ మోడల్ ఆన్ చేయడమే మేలు.

కన్వర్జ్ అయిందని ఎప్పుడు అనాలి

ఎనర్జీ రెసిడ్యువల్ (లెక్కలో ఇంకా మిగిలిన తేడా) పది లక్షల్లో ఒక వంతుకి దిగగానే సాల్వర్ ఆగిపోతుంది, కానీ ప్యానెల్ టెంపరేచర్లు అప్పటికి ఇంకా మెల్లగా కదులుతూనే ఉండొచ్చు. గాలి తొందరగా కుదురుకుంటుంది, దాని మీద ఆధారపడ్డ రేకు ఆలస్యంగా కుదురుకుంటుంది. అందుకే హీట్ సోర్స్ లేని ప్యానెల్ దూరపు అంచు దగ్గర ఒక పాయింట్ మానిటర్ పెట్టండి. అన్నిటికంటే ఆఖరున నిలకడకి వచ్చేది అదే. ఆ గీత చదును అయ్యాక ఫ్లక్స్ రిపోర్ట్ తీసి, పెట్టిన వాట్లు, బయటికి పోయిన వాట్లు సరిపోయాయో చూడండి.

ట్రాన్సియెంట్, అంటే కాలంతో మారే లెక్క, నడిపేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. షెల్ లేకుండా వాల్ థిక్‌నెస్ మాత్రమే ఇస్తే ఆ రేకుకి వేడిని నిలవ ఉంచుకునే గుణం ఉండదు, అడ్డు మాత్రమే ఉంటుంది. 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం నిజానికి చదరపు మీటరుకి డిగ్రీకి 3,550 జౌళ్లు దాచుకుంటుంది, కోఎఫిషియంట్ 20 ఉంటే దాని టైమ్ కాన్‌స్టంట్ దాదాపు 3 నిమిషాలు. బాక్సు ఆన్ చేసిన 5 నిమిషాలకి టెంపరేచర్ ఎంత అని ఎవరైనా అడిగితే, పాకే దూరం ఎంత చిన్నదైనా సరే, షెల్ పెట్టి సాంద్రత, స్పెసిఫిక్ హీట్ కూడా సరిగ్గా ఇచ్చి నడపండి. టైమ్ స్టెప్ ఆ 3 నిమిషాల్లో ఎక్కువలో ఎక్కువ ఇరవయ్యో వంతు, అంటే 9 సెకన్లకి మించకుండా మొదలుపెట్టి, సగానికి తగ్గించి మళ్లీ చూడండి. జవాబు కదలకపోతే అదే ఉంచండి.